నాలుగు వేళ్ల వెలితి

మా ఇంటికి పడవ వస్తోందన్న కబురు నాకు మొదట తెచ్చింది పాలు పోసే అవ్వ. శామీర్‌పేట చెరువు వైపు నుంచి బర్రెలను తోలుకొస్తూ దారిలో చూసిందట. పాలు గిన్నెలోకి వంచుతూ, మబ్బు పట్టిందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

"బిడ్డా, మీ ఆయన ట్రాక్టర్‌కు పడవ కట్టుకొని వస్తున్నడు. వాకిట్ల ముగ్గు పోతే పోయింది గని, ఆ తులసమ్మను జర పక్కకు జరుపుకో."

"పడవ ఇంటికెందుకొస్తదవ్వా, చెరువుల ఉండాలె గని."

"నాకేమెరుక. చెరువు మీద అలిగిందేమో."

నేను నవ్వాను. ఆమె గేటు దాటకముందే ట్రాక్టర్ చప్పుడు వినిపించింది.

సద్దుల బతుకమ్మ అయిపోయి, దసరా ఇంకా రాని రోజది. మా ఆయన మోటారు పడవ నడుపుతాడు. వినాయక నిమజ్జనం మొదలుకొని బతుకమ్మలు నీళ్లలో కలిపేదాకా ఆ పడవ చెరువులో తిరుగుతూ ఉంటుంది. కాలు జారినవాళ్లను, లోతు తెలియక దిగినవాళ్లను ఒడ్డుకు చేర్చడం దాని పని. పెద్ద వానలు పడి కాలనీలు మునిగితే ట్రాక్టర్ మీద అక్కడికీ పోతుంది. పడవ మాది కాదు, ఒక కాంట్రాక్టర్‌ది. బతుకమ్మ పండుగ దాటితే మళ్లీ వానల దాకా దానికి పెద్దగా పని ఉండదు. చలికాలం, ఎండాకాలం కాంట్రాక్టర్ షెడ్డులోనే ఉండేది. ఆ ఏడు షెడ్డున్న జాగా ప్లాట్లయిపోయింది. చెరువు గట్టున వదిలేస్తే తెల్లారేసరికి ఇంజన్ ఉండదు. అందుకని మా వాకిట్లోకి వచ్చింది.

వద్దనడానికి లేదు. మా ఆయన ఒకప్పుడు ఈతగాడు. నీళ్లలో మునిగి మనుషులను వెతికి తెచ్చేవాడు. ఒకసారి బాగా లోతుకు పోయినప్పుడు ఒక చెవి లోపల పొర చినిగి, ఆ చెవి వినపడకుండా పోయింది. ఇక తల నీళ్లలో ముంచొద్దని డాక్టర్ చెప్పాడు. నీళ్లు తప్ప వేరే పని తెలియని మనిషికి ఆ పడవ ఒక్కటే మిగిలింది. కాంట్రాక్టర్ ట్రాక్టర్ దిగకుండానే మాట తేల్చేశాడు.

"జాగ్రత్తగ సూస్కో. వానలకు పిలిచిన నాడు ఇంజన్ లేవాలె. లేవలేదనుకో, పడవ వేరేటోనికి అప్పజెప్త. మల్ల నా మీద కోపం వెట్టుకోవద్దు."

ఆయన అట్లా అన్నప్పుడు మా ఆయన వినపడే చెవిని అటు తిప్పి విని, తల ఊపాడు.

మా ఇల్లు ఎంతని చెప్పను. గేటు, గేటు లోపల చిన్న వాకిలి, వాకిలి వెనుక గది, గది వెనుక వంటిల్లు. వెనక గోడ పక్కవాళ్ల గోడకు ఆనుకొని ఉంటుంది. ఇంటికి ఒక్కటే తలుపు. పడవను చక్రాల బండితో సహా వెనక్కి నెట్టుకుంటూ తెచ్చి గేటుకు తాళం పడేలా సర్దేసరికి, దాని ఇంజన్ భాగం మా గడపకు వచ్చి ఆగింది. అటు గోడ, ఇటు తులసికోట. మా ఆయన పడవ ఎక్కి అటువైపు దిగుతాడు. మా అత్తమ్మ సన్నటి మనిషి, గోడను రాసుకుంటూ అడ్డంగా జారిపోతుంది. నాకు చిన్నప్పుడే పోలియో వచ్చి కుడికాలు సన్నబడింది. ఆ కాలికి ఇనుప పట్టీలు, చేతిలో కర్ర. నేను ఎక్కలేను, వంగలేను, జారలేను.

"జర ఓపిక పట్టు. నలుగురు మనుషులు దొరికితే గోడ పక్కకు జరిపిస్త," అన్నాడాయన.

ఇద్దరు దొరికిన రోజు మిగతా ఇద్దరు పనికి పోయేవారు. నలుగురూ ఉన్న ఆదివారం ఆయనే వేరేచోట కూలికి ఉండేవాడు. అట్లా రోజులు గడిచాయి.

లోపల ఉండటం నాకు కొత్త కాదు. మేడ్చల్‌లో పుట్టింట్లో నేను బడికి పోలేదు. బాపు పనికి పోయి వచ్చి, చేతులు కడుక్కొని, నా ముందు పలక పెట్టుకొని కూర్చునేవాడు. పేపర్ చదివించేవాడు, పూజ పుస్తకాలు చదివించేవాడు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆయన పుణ్యమే. కిటికీ దగ్గర కూర్చొని లోకం చూడటం కూడా అక్కడే నేర్చుకున్నాను. కానీ అక్కడ తలుపు తెరిచే ఉండేది. పోకపోవడం వేరు, పోలేకపోవడం వేరు. గడప మీద నిలబడితే ఎదురుగా ఇంజన్ రెక్కలు, వాటి మీద చుట్టుకొని ఎండిన నాచు. ఉదయం లేచి దేవుడికి దండం పెట్టుకుందామని తలుపు తీస్తే మొదట ఆ ఇంజన్‌కే దండం పెట్టినట్టు ఉండేది.

దసరా రోజు ఆయుధాలతో పాటు పడవకూ బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టారు. మరునాడు సూరారం నుంచి మెకానిక్ వచ్చాడు. పెట్రోల్ టాంకు పడవలోనే సీటు కింద బిగించి ఉంటుంది, విప్పడానికి వీల్లేదు. అందులో సగం దాకా పెట్రోల్ ఉంది. అతను మూత తీసి చూసి, మా ఆయన వినపడే చెవి వైపు వచ్చి నిలబడ్డాడు.

"గిట్ల సగం ఉంచకు అన్నా. చలికాలం రాత్రి సల్లవడుతది, పగలు ఎండ గొడుతది. ఖాళీ జాగల చెమట వట్టి నీళ్లై కిందికి దిగుతది. ఇప్పటి పెట్రోల్ల స్పిరిట్ ఉంటది, అది నీళ్లను తాగుతది. తాగి తాగి ఒకనాడు విడిపోయి అడుగున కూసుంటది. ఇంజన్ గుంజేది అడుగు నుంచే."

"ఐతే ఖాళీ జేద్దమా?"

"జేస్తే సుక్క లేకుండ జెయ్యాలె, పైపులల్ల సుత. మధ్యల తుఫాన్ వచ్చి రేపే పడవ తెమ్మంటే ఏం జేస్తవ్? నింపుడే మంచిది. కని పైన నాలుగు వేళ్లు వెలితి ఉంచు. పెట్రోల్ ఎండకు ఉబ్బుతది. దానికి జాగ గావాలె."

నాలుగు వేళ్లు కలిపి టాంకు మూతి కింద అడ్డంగా పెట్టి చూపించాడు. మా ఆయన కూడా తన వేళ్లు పెట్టి చూసుకున్నాడు. మెకానిక్ పోతూ పోతూ కిటికీలోంచి నన్ను చూసి అన్నాడు, "అక్కా, ముందట అగ్గిపుల్ల గియ్యకుండ్రి. దీని ఆవిరి పైకి పోదు, నేల మీద పాక్కుంట పోతది."

"పాము లెక్కనా?" అంది అత్తమ్మ.

"పాము నయం పెద్దమ్మా, కనవడుతది."

ఆ మాటతో మా ఇంట్లో నిప్పు వెనక్కి పోయింది. వంట చేసినంతసేపు మధ్య తలుపు మూసి, కింద గోనె పట్టా అడ్డం పెట్టేదాన్ని. ఆ వేడిలో, ఆ ఉక్కలో అన్నం ఉడికేదాకా నేనూ ఉడికేదాన్ని. దీపావళి రోజు సందులో టపాసులు కాలుస్తుంటే మా ఆయన పడవ మీద తడి గోనెలు పరిచి, చేతిలో బకెట్టు పట్టుకొని, ఆ పూటంతా పడవలోనే కూర్చున్నాడు. "ఏందన్నా, చెరువు నిండినట్టున్నది మీ వాకిట్ల," అని పోయేవాళ్లంతా ఎగతాళి చేశారు. నేను లోపల మంచం మీద కూర్చొని ఒక్కో టపాసు పేలినప్పుడల్లా శివయ్యా అనుకున్నాను.

తర్వాత కార్తీకం వచ్చింది. ఊహ తెలిసినప్పటి నుంచి కార్తీకంలో సాయంత్రం తులసి దగ్గర దీపం పెట్టని రోజు లేదు. మా తులసికోట ఇప్పుడు బండి చక్రానికి, గోడకు నడుమ ఉంది. కొమ్మలు పడవ కిందికి వంగిపోయాయి. అక్కడ దీపం సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రెండో రోజు సాయంత్రం అత్తమ్మ తనంతట తానే నా చేతిలోని ప్రమిద తీసుకుంది.

"తే, గుడికాడ పెట్టొస్త. శివయ్యకు ఇల్లేదైతేంది."

రోజూ గోడను రాసుకుంటూ పోయి, రాసుకుంటూ వచ్చేది. వచ్చి చెప్పేది, "నీ పేరు జెప్పి పెట్టిన. ఎవరామె అన్నడు. పడవెనక పిల్ల అన్న. ఆఁ, ఎరుకనే అన్నడు."

ఆమెకు నేను ఎంత రుణపడి ఉన్నానో ఆ నవ్వులో మరిచిపోయేదాన్ని.

ఇక పాలు. గిన్నె పట్టుకొని గోడను రాసుకుంటూ వస్తే అత్తమ్మ చేతిలో ఒలికిపోయేవి. గేటు దగ్గరి నుంచి నా కిటికీ దాకా మధ్యలో పడవంత దూరం. మొదటి రోజు అవ్వ కాసేపు అటూ ఇటూ చూసి, పడవలో పడి ఉన్న పొడుగాటి తెడ్డు అందుకుంది. పాల క్యాను దాని కొసకు తగిలించి, గేటు మీదుగా నా కిటికీ ముందుకు చాపింది. నేను ఊచల్లోంచి చేయి పెట్టి గిన్నెలోకి వంచుకొని, ఖాళీ క్యాను తిరిగి తగిలించాను.

"మా తాతల నాడు సుత తెడ్డుతోని పాలు వోసింది లేదు," అందామె. "నిండ వొయ్య బిడ్డా, తొణుకుతది. తక్కువ వోసి రెండుమాట్లు పంపుత."

ఆ రోజుల్లో బయటి నుంచి నా దాకా వచ్చే పలకరింపు ఆ తెడ్డు ఒక్కటే. దాని కొస కిటికీ దగ్గరికి వచ్చినప్పుడు నేను లోలోపల దండం పెట్టుకునేదాన్ని. అవ్వ అక్కడే నిలబడి ఊరి సంగతులన్నీ చెప్పేది. ఏ బర్రె ఈనింది, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు, కట్ట మీద ఎన్ని కార్లు ఆగాయి. ఆమె పోయాక మళ్లీ ఇంజన్, మళ్లీ నాచు.

పెట్రోల్ వాసన మాత్రం పోయేది కాదు. జవహర్‌నగర్‌లో చెత్త గుట్టల పక్కన ఉండే మా అక్కకు ఫోన్ చేసి చెప్తే నవ్వింది. "ఇన్నేండ్లు మా చెత్త వాసన అని ముక్కు మూస్కుంటివి. ఇప్పుడు నీ వంతు. ఏం గాదు, ముక్కే అలిసిపోతది." ఆమె చెప్పినట్టే నా ముక్కు అలిసిపోయింది. కార్తీకం సగానికి వచ్చేసరికి వాసన ఉందో లేదో నాకు తెలియడం లేదు. అది మంచికి కాదని తర్వాత తెలిసింది.

మా ఆయన పొద్దున్నే టాంకులో వెదురు పుల్ల దింపి చూసేవాడు. తడి ఎక్కడిదాకా వచ్చిందో వేలితో పట్టుకొని, కిటికీ వైపు తిరిగేవాడు. నేను జ్వరం చూసినట్టు అడిగేదాన్ని.

"ఎట్లున్నది?"

"కొంచెం దిగింది."

ఎండకు ఆవిరై రోజూ రవ్వంత తగ్గుతోంది. నాలుగు వేళ్లు ఐదయ్యాయి, ఆరయ్యాయి. ఖాళీ పెరిగితే చెమట, చెమట పడితే నీళ్లు, నీళ్లు దిగితే ఇంజన్ లేవదు. ఆ లెక్క ఆయన మొహంలో కనిపించేది. అన్నం ముందు కూర్చొని కూడా పుల్లను వేళ్ల మధ్య తిప్పుతున్నట్టు చేతిని తిప్పేవాడు.

కార్తీక పున్నమి రోజు చీకటితోనే లేచి, మేడ్చల్ రోడ్డు మీది బంకు నుంచి క్యానులో పెట్రోల్ తెచ్చాడు. మంచు కురుస్తోంది. క్యాను ముట్టుకుంటే చేయి జివ్వుమంది అన్నాడు. టార్పాలిన్ తడిసిందని తీసి గోడ మీద ఆరేశాడు. పోయడం మొదలుపెట్టాడు. అత్తమ్మ గోడ పక్కన నిలబడి చూస్తోంది.

"సాలు," అని ఆయన ఆగబోతే, ఆమె ఒప్పుకోలేదు.

"గదేంది, పున్నమి నాడు ఇంట్ల వెలితి ఉంచుతావ్ రా? నిండ వొయ్యి."

మా అత్తమ్మ వ్యవసాయం చేసిన ఇంటి మనిషి. వాళ్ల కళ్లంలో గింజలు కొలిస్తే కొలత మీద గుట్టలా నిలవాలి, నాలుగు గింజలు కింద రాలాలి. చదునుగా కొలిచి ఇచ్చిన చేయి పిసినారి చేయి. కొత్తింట్లో పాలు పొంగి పొయ్యి మీద పడితేనే ఇల్లు నిలుస్తుందని నమ్మిన మనిషి. పండుగ నాడు బియ్యం కుండ, ఉప్పు జాడీ, పసుపు డబ్బా అన్నీ మూతి దాకా నింపి పెడుతుంది. ఆమె దృష్టిలో టాంకు కూడా ఇంట్లో ఉన్న ఒక కుండే.

"మెకానిక్ నాలుగు వేళ్లు ఉంచుమన్నడు గదా," అన్నాను కిటికీలోంచి.

ఆయన నా వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. రోజూ దిగిపోతున్న ఆ పుల్ల ఆయన మనసులో ఉంది. "ఇయ్యాల ఒక్కనాడే. రేపు పొద్దున తీస్త," అన్నాడు. పెట్రోల్ మూతి దగ్గర మెరిసేదాకా పోసి, మూత బిగించి, బొట్టు పెట్టాడు.

మధ్యాహ్నం కాంట్రాక్టర్ దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. పున్నమి కదా, జనం చెరువులో దీపాలు వదలడానికి వస్తారు, గట్టున నిలబడి కాపలా కాయమన్నాడు. అత్తమ్మ నా ప్రమిద కొంగులో కట్టుకొని కొడుకుతో పాటే బయల్దేరింది. గేటుకు తాళం వేసుకొని పోయారు.

మా ఇల్లు పడమటి మొహం. చలికాలం అయినా పొద్దు వాలేటప్పుడు ఎండ నేరుగా వాకిట్లో పడుతుంది. టార్పాలిన్ గోడ మీదే ఉండిపోయింది. నేను దేవుడి ముందు వత్తులు నూనెలో నానబెట్టుకొని, వెలిగించే వీలు లేకపోయినా అట్లాగే పెట్టి, పుస్తకం చదువుకుంటున్నాను. కళ్లు మండాయి. చదివీ చదివీ మండుతున్నాయనుకున్నాను. తల దిమ్ముగా ఉంటే గాలి కోసం కిటికీ దగ్గరికి వచ్చాను.

పడవ పక్కన చిన్న రంధ్రం ఉంటుంది, టాంకు ఊపిరి పీల్చుకునేది. అందులోంచి సన్నటి ధార. పడవ పొట్ట మీదుగా జారి, సిమెంటు మీద పడి, రెండు పాయలైంది. ఒకటి గేటు కిందుగా సందులోకి పోయింది. ఒకటి నా గడప వైపు వస్తోంది.

నేను చేయగలిగినవి చేశాను. వంటింట్లోకి పోయి సిలిండర్ కట్టేశాను. పాత చీర తడిపి గడప కింద కుక్కాను. లైటు స్విచ్చి ముట్టుకోలేదు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను, కానీ బంకులో ఫోన్ మాట్లాడొద్దని రాసి ఉంటుంది కదా. నొక్కాలా వద్దా తెలియలేదు. వెనక గోడ దగ్గరికి పోయి, అదే ఇంట్లో అన్నిటికన్నా దూరం కాబట్టి, అక్కడ నిలబడి చివరికి నొక్కాను. మా ఆయన ఎత్తలేదు. చెరువు దగ్గర మైకుల్లో ఆయన ఒక్క చెవికి ఏం వినపడుతుంది. మళ్లీ మళ్లీ చేశాను.

మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చి కేక వేశాను. గుడి మైకులో పాటలు. నా గొంతు పడవ అవతలికి పోయిందో లేదో. ఎండ తగ్గి సందులో నీడ పడుతోంది. ఆడవాళ్లు కడిగి ముగ్గులు వేసిన గడపల మీద ప్రమిదలు సర్దుకుంటున్నారు.

ఎదురింటి ఆవిడ రాజమండ్రి వైపు మనిషి. వాళ్లాయన మందుల కంపెనీలో ఉద్యోగం. మంచి మనిషి, ఆమె ప్రసాదం పంపని పండుగ లేదు. ఆమె మెట్ల మీద ఉసిరికొమ్మ నిలబెట్టి, ఏడాదికి సరిపడా వత్తులు కట్టిన పెద్ద కట్టను నేతిలో ముంచి, పళ్లెంలో పెట్టి వెలిగించింది. మంట జానెడు లేచింది. నేను చేతులు అడ్డంగా ఊపాను. "అక్కా, దీపం వద్దు. తీసెయ్యి," అని అరిచాను.

ఆమె తల ఎత్తి నన్ను చూసింది. నేను ఊచల్లోంచి రెండు చేతులూ చాపి ఉన్నాను. నాకు బయటికి వచ్చే వీలు లేదని, నెల రోజులుగా దీపం పెట్టుకోలేదని ఆమెకు తెలుసు. ఆమె మొహం మెత్తబడింది. పళ్లెం చేతుల్లోకి తీసుకొని, నాకు దీపం చూపించడానికి, మెట్లు దిగి మా గేటు వైపు నడిచి వచ్చింది.

దగ్గరికి వస్తున్న దీపాన్ని చూసి అంత భయపడిన క్షణం నా జన్మలో లేదు. శివయ్యా అని కూడా అనుకోలేకపోయాను.

అప్పుడే సందు మలుపు తిరిగి పాల క్యానుతో అవ్వ వచ్చింది. వాసన తగిలి ఆగింది. కిందికి చూసింది, పళ్లెం వైపు చూసింది. క్యాను అక్కడే దింపి, ఆ వయసులో అంత జోరుగా ఎట్లా నడిచిందో, అడ్డం వచ్చి నిలబడి, మండుతున్న వత్తుల కట్టను అరచేత్తో పట్టి పిసికింది.

మంట పోయింది. పొగ లేచింది. ఎదురింటావిడ పళ్లెం వైపే చూస్తూ నిలబడిపోయింది.

"ఏంటమ్మా ఇది. పౌర్ణమి దీపం. ఆర్పేశావా?"

"ఎరుకనే తల్లీ. ఆర్పింది నేను. పాపం నా పేరు మీదనే రాసుకోమను శివయ్యను. నువ్వు ముందటికి అడుగెయ్యకు, కిందంత పిట్రోలు."

ఆమె అప్పుడు కిందికి చూసింది. వెనక్కి వెనక్కి నడిచి తన మెట్ల మీద కూర్చుండిపోయింది.

మన ఇళ్లల్లో దీపం ఆరిందని కూడా అనం, కొండెక్కింది అంటాం. నోటితో ఊదరు. పున్నమి దీపాన్నయితే గాలికి కూడా ఆరనివ్వరు. అవ్వ ఆ పని చేసి ఊరుకోలేదు. కాలిన చేతిని కొంగులో చుట్టుకొని గడప గడపకూ పోయింది. "ముట్టియ్యకుండ్రి, జర ఆగుండ్రి, ముట్టించినోళ్లు లోపటికి తీస్కపోండ్రి." కొందరు వెంటనే విన్నారు. "ముసల్దానికి పున్నమి పూట ఇదేం పొయ్యేకాలం," అన్నవాళ్లూ ఉన్నారు. మగవాళ్లు వచ్చారు. ఒకాయన నీళ్ల పైపు పట్టుకొస్తే, "నీళ్లు వద్దు, తేలుకుంట పోతది, మన్ను వొయ్యండ్రి," అని నేను కిటికీలోంచి అరిచాను. ఈసారి నా గొంతు వినపడింది. పక్కన కడుతున్న ఇంటి దగ్గరి ఇసుక గంపలతో మోసుకొచ్చి పోశారు. ఎవరో బండి మీద చెరువుకు పోయి మా ఆయనను తెచ్చారు. ఆయన తాళం చెవి ఇంకొకాయన చేతిలో పెట్టి, ఇసుక గంప అందుకున్నాడు. ఆ ఇంకొకాయనే గేటు తీశాడు.

ఇన్ని రోజులు నలుగురు దొరకలేదు. ఆ సాయంత్రం సందంతా పట్టింది. పడవ గేటు దాటి, సందు చివరి ఖాళీ జాగాలోకి పోయింది. నా గడప ముందు ఒక్కసారిగా ఆకాశం కనపడింది. చంద్రుడు అప్పటికే ఇంటి వెనుక నుంచి పైకి వచ్చి ఉన్నాడు. సందులో ఒక్క దీపం లేదు.

ఇసుక మీద కర్ర దిగబడుతుంటే మెల్లగా నడిచి బయటికి వచ్చాను. అవ్వ మా గేటు పక్కన కూర్చొని ఉంది. చేతిని మణికట్టు దాకా పాల క్యానులో పెట్టుకుంది.

"ఇయ్యాల మీకు పాలు లేవు బిడ్డా," అంది. "ఎవ్వరికీ లేవు."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. "మంట పుడుతున్నదా అవ్వా?" అన్నాను.

"సల్లగనే ఉన్నది. నువ్వు ఎన్నాళ్లకొస్తివి బయటికి. సూడు, అటు సూడు, సందమామ ఎట్లున్నడో."

అత్తమ్మ చెరువు దగ్గర నుంచి వచ్చి సంగతి విన్నది. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. వచ్చి అవ్వ ముందు నేల మీద కూర్చొని, ఆ చేతిని తన ఒళ్లో పెట్టుకొని, మెల్లగా వెన్న రాయబోయింది. "గది వద్దు పెద్దమ్మా, దవాఖానకు తీస్కపోదాం," అని ఎవరో అన్నారు. మా ఆయన తీసుకుపోయాడు.

మరునాడు మెకానిక్ వచ్చి పెట్రోల్ తీసి, మళ్లీ నాలుగు వేళ్ల వెలితి పెట్టాడు. పడవను మళ్లీ వాకిట్లోకి తెచ్చి, నాకు పట్టేంత సందు వదిలి గోడ వారగా సర్దారు, మీద ఎప్పుడూ ఎండ తగలకుండా రేకులు కప్పారు. ఆ తర్వాత మా ఆయన పుల్ల కంటే ముందు తన వేళ్లు దింపి చూసేవాడు. నిండుగా ఉన్నదే మంచిదని నేనూ అనుకునేదాన్ని. ఇప్పుడు అన్నం కుండ నింపేటప్పుడు కూడా చేయి ఆగుతుంది. వానలు వచ్చాయి, కాంట్రాక్టర్ పిలిచాడు. మొదటి గుంజుకు దగ్గింది, రెండో గుంజుకు ఇంజన్ లేచింది. పడవ మా ఆయన చేతిలోనే ఉంది. భగవంతుడి దయ.

కానీ అప్పటికి మా సందుకు అవ్వ రావడం లేదు. ఎదురింటావిడ ఆ దీపం పెట్టింది వాళ్లాయన ఆపరేషన్ కోసమట. ఆయన బాగానే తిరిగొచ్చారు. ఆమె అవ్వను ఒక్క మాట అనలేదు, కానీ మర్నాటి నుంచి ప్యాకెట్ పాలు తెప్పించుకుంది. దీపం ఆర్పిన చేతి పాలు శివుడికి ఎట్లా పోస్తాం అని ఇంకో ఇంట్లో అన్నారట. ఒక్కొక్కరే మానేశారు. ఎవరూ చెడ్డవాళ్లు కారు. భయపడ్డారు. నేను తీసుకుంటూనే ఉన్నాను, కానీ ఒక్క ఇంటి పాలతో బర్రెలు బతకవు. కాలిన అరచేయి ముడుచుకుపోయి పితకడానికి రాలేదు, ఆమె బర్రెలు వేరే చేతికి చేపవు, పాలు దిగనివ్వవు. అమ్మేసింది. కౌకూర్‌లో ఉన్న కూతురు వచ్చి తీసుకుపోయింది.

అక్కడ మూడో అంతస్తు. లిఫ్టు లేదు, మోకాళ్లు నొప్పులు. అప్పుడప్పుడు ఫోన్ చేస్తాను.

"ఎట్లున్నవవ్వా?"

"మంచిగనే ఉన్న బిడ్డా. ఈడ నేల కనవడదు. కిటికీకాడ కూసుంట. నీ లెక్కనే."

"తెడ్డుతోని పాలు పంపాల్నా?"

"పంపు. నిండ పంపకు, తొణుకుతది."

నవ్వుతుంది. నేను ఫోన్ పెట్టేస్తాను. ఆమె దిగలేని మెట్లు అవి, నేను ఎక్కలేని మెట్లూ అవే. నాకు తలుపు తెరిచి, ఆమె లోపలికి పోయింది.

ఇది చదివిన వాళ్లను ఒక్కటి అడుగుతాను. కార్తీకంలో మీరు దీపం పెట్టుకుంటారు. మీ వాళ్ల పేర్లన్నీ చెప్పుకున్న తర్వాత, చివర కాసింత చోటు ఉంచండి. పాలు పోసే అవ్వను అక్కడ తలుచుకోండి. పేరు అక్కర్లేదు, దీపం ఆర్పిన అవ్వ అంటే శివయ్యకు తెలుస్తుంది. ఆ పాపం ఏదైనా ఆమె లెక్కలో రాసి ఉంటే, మనమందరం తలా కాస్త పంచుకున్నామని చెప్పండి.